పెరటి తంగేడు: గారాబం పనికిరాదు

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అదీ సమంగా పడదు. నెల రోజులు చుక్క రాలకపోవచ్చు, తర్వాత రెండు రోజుల్లోనే వాగులు పొంగవచ్చు. అక్కడి గుట్టల వాలుల్లో, రోడ్ల గట్ల మీద, పంటకు పనికిరాదని వదిలేసిన గరుసు నేలల్లో తంగేడు ఏపుగా పెరిగి కొమ్మకొమ్మకూ పూస్తుంది. దానికి ఎవరూ నీళ్లు పోయరు, ఎరువు వేయరు, పాదు చేయరు. అదే మొక్కను ముచ్చటపడి పట్నంలోని ఇంటికి తెచ్చి, మంచి మట్టి నింపిన కుండీలో పెట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తే తరచూ జరిగేది ఒకటే. ఆకులు పసుపెక్కి రాలిపోతాయి, కాండం మొదలు మెత్తబడుతుంది, మొక్క వాలిపోతుంది. అడవి మొక్క ఇళ్లలో బతకదని ఇంటివాళ్లు తేల్చేస్తారు.

బతకకపోవడానికి కారణం మొక్కలో లేదు, పెంచిన తీరులో ఉంది. తంగేడు కరువును తట్టుకునేది ప్రధానంగా వేరు లోతు వల్ల. ఆ లోతు మొదటి ఏడాదిలో రావాలి. రాకపోతే తంగేడు కూడా మందారంలా, గులాబీలా రోజూ నీటి కోసం ఎదురుచూసే మొక్కే అవుతుంది. పైగా ఆ రెండింటిలా తడిని సహించదు కూడా. పెరట్లో తంగేడు పెంచడమంటే ఆ మొదటి ఏడాదిని జాగ్రత్తగా దాటించడమే. ఆ తర్వాత చేయాల్సిన పని చాలా తక్కువ.

ముందు మొక్కను గుర్తుపట్టడం దగ్గరే కొంత గందరగోళం ఉంది. తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. పాత పుస్తకాల్లో కాసియా ఆరిక్యులేటా అని ఉంటుంది. భారతదేశపు మెట్ట ప్రాంతాలు, శ్రీలంక దీని సొంత నేల. తెలంగాణ ప్రభుత్వం 2014లో దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఇంత పేరున్న మొక్కే అయినా, తంగేడు కావాలని నర్సరీలో అడిగితే పసుపు పూలు పూసే మరేదో చేతికి రావడం మామూలే. సీమతంగేడు అలాంటిదే. అది ఆగ్నేయాసియా నుంచి వచ్చి మన రోడ్ల పక్కన నీడ కోసం స్థిరపడిన పెద్ద చెట్టు. ఇంటి ముందు నాలుగడుగుల జాగాలో దాన్ని నాటితే కొన్నేళ్లలో కరెంటు తీగలను అందుకుంటుంది. ఖాళీ స్థలాల్లో వానాకాలంలో మొలిచే కసివింద, తగిరిస కూడా ఈ కుటుంబానివే. అవి ఏడాదిలో ముగిసిపోయే మొక్కలు, ఏళ్ల తరబడి ఉండవు.

అసలు తంగేడును ఆకు చూసి పట్టుకోవచ్చు. ఒక్కో ఈనెకు ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న ఆకులు ఉంటాయి. వాటి కొసలు మొద్దుగా ఉంటాయి. తగిరిసకు మూడే జతలు, కసివిందకు నాలుగైదు జతలు. ఆ రెండింటి ఆకులూ పెద్దవి. తంగేడు ఆకుకాడ కొమ్మకు అతుక్కునే చోట రెండు పక్కలా చెవుల్లాంటి గుండ్రటి పత్రపుచ్ఛాలు కనిపిస్తాయి. చాలా మొక్కల్లో ఇవి రాలిపోతాయి, తంగేడులో నిలిచి ఉంటాయి. పూవు లేని కాలంలో కూడా ఈ ఒక్క గుర్తు చాలు. జత ఆకుల మధ్య ఈనె మీద సన్నని పుల్లలాంటి గ్రంథులు కూడా ఉంటాయి. వాటి చుట్టూ చీమలు తిరుగుతుంటే మొక్కకు చీడ పట్టిందనుకుని మందు కొట్టనక్కర్లేదు. ఇక కాయ పల్చగా, చదునుగా, కాగితంలా ఉంటుంది. ఎండితే లోపల గింజలు గలగలలాడతాయి.

వేరు ముందు, ఆకు తర్వాత

తంగేడు గింజ మొలిచిన తొలి వారాల్లో నేల పైన జరిగేది చాలా తక్కువ. రెండు బీజదళాలు, తర్వాత ఒకటి రెండు ఆకులు, అంతే. చూసేవాళ్లకు మొక్క ఎదగడం లేదనిపిస్తుంది. ఆ సమయంలో తల్లివేరు నిటారుగా కిందికి దిగుతూ ఉంటుంది. వానాకాలం ముగిసి పైమట్టి ఆరిపోయేలోగా ఇంకా తేమ ఉన్న పొరను అందుకోవడం దాని అవసరం. మెట్ట నేలల్లో పుట్టిన చాలా మొక్కల పద్ధతి ఇదే.

నర్సరీ సంచిలో పెంచిన తంగేడు విషయంలో చిక్కు ఇక్కడే వస్తుంది. ఆరంగుళాల పాలిథీన్ సంచి అడుగుకు తాకిన వేరు ఇక కిందికి పోలేక లోపలే చుట్టలు చుట్టుకుంటుంది. ఆ మొక్కను నేలలో నాటినా, చుట్టుకున్న వేరు నిటారుగా దిగడం కష్టం. పక్కవేర్లతో పైపొరల్లోనే బతుకుతుంది. మొదటి ఏడాది బాగానే ఉన్నట్టు కనిపించి, నీళ్లు మానేసిన వేసవిలో ఎండిపోయే మొక్కల్లో ఇలాంటివి ఎక్కువ. అలాగని రోడ్డు పక్కన పెరిగిన మొక్కను తవ్వి తెస్తే తల్లివేరు తెగుతుంది; అది బతకడం ఇంకా అరుదు. కాబట్టి మంచి దారి ఒకటే: ఎక్కడ పెరగాలో అక్కడే గింజ వేయడం. తప్పనిసరై మొక్కే కొనాల్సి వస్తే నాలుగైదు ఆకులున్న లేత మొక్కను ఎంచుకోవాలి. నర్సరీలో మూడడుగుల ఎత్తు పెరిగి పూస్తున్న మొక్క చూపుకు ఎంత బాగున్నా, అది చెడ్డ బేరం.

గింజ పెంకు గట్టిది. నీటిని లోపలికి రానివ్వదు. అడవిలో అది ఎండకు, వానకు, రాళ్ల రాపిడికి నెమ్మదిగా అరుగుతుంది. ఒకే కాయలోని గింజలు ఒకే ఏడాది మొలవకుండా, కొన్ని ఈ వానకు, కొన్ని మరుసటి ఏడాది వానకు మొలుస్తాయి. ఒక ఏడాది వాన మధ్యలో ఎగ్గొట్టి మొలకలన్నీ మాడిపోయినా నేలలో ఇంకా కొన్ని గింజలు మిగిలి ఉంటాయి. మొక్కకు ఇది మేలైన ఏర్పాటే కానీ, పెంచేవారి ఓపికకు పరీక్ష. పది గింజలు నేరుగా వేస్తే ఒకటో రెండో మొలిచి, మిగతావి నిద్రపోతాయి.

దీనికి పాత ఉపాయమే సులువైనది. నీళ్లు మరిగించి పొయ్యి మీద నుంచి దించాక అందులో గింజలు వేసి, ఆ నీటిలోనే రాత్రంతా వదిలేయాలి. పొయ్యి మీద ఉండగా వేస్తే గింజ ఉడికిపోతుంది. తెల్లవారేసరికి కొన్ని ఉబ్బి రెండింతలవుతాయి. అవి విత్తడానికి సిద్ధం. ఉబ్బనివాటికి మళ్లీ ఇదే పని చేయవచ్చు, లేదా ఒక్కోదాన్ని ఉప్పుకాగితం మీద ఒక పక్క నాలుగుసార్లు రుద్ది నానబెట్టవచ్చు. మొలక వచ్చే కొసను మాత్రం రుద్దకూడదు. ఉబ్బిన గింజను ఎండబెట్టి దాచడం కుదరదు, ఆ రోజే వేయాలి. అంగుళంలో సగం లోతు చాలు. తొలకరి పడి నేల బాగా తడిసిన జూన్, జూలై నెలలు ఇందుకు సరైన కాలం. ఒక్కో చోట మూడు నాలుగు గింజలు వేసి, మొలిచాక బలమైన ఒకదాన్ని ఉంచి మిగతావి కత్తిరించాలి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

చోటు ఎంచుకోవడంలో ఒకే నియమం: రోజులో కనీసం ఆరు గంటల నేరు ఎండ. నీడలో తంగేడు చావదు కానీ సన్నగా సాగి, పూలు లేక బోసిగా నిలబడుతుంది. మట్టి గురించి బెంగపడనవసరం లేదు. కొత్తగా కట్టిన ఇళ్ల చుట్టూ మొరం, ఇటుక ముక్కలు, రాళ్లు కలిసిన నేల ఉంటుంది. గులాబీ పెంచేవాళ్లు లబోదిబోమనే ఆ నేల తంగేడుకు చక్కగా సరిపోతుంది. అయితే అడుగున సిమెంటు పొర ఉందో లేదో గడ్డపారతో రెండడుగుల లోతు వరకు గుచ్చి చూడాలి. సిమెంటు కలిపిన చోటు, స్లాబ్ పోసినప్పుడు కారిన చోటు పెంకులా గట్టిపడి ఉంటుంది. వేరు దాన్ని చీల్చుకుని పోలేదు. నల్లరేగడిలో కూడా తంగేడు పెరుగుతుంది. వాన నీరు నిలిచే పల్లం మాత్రం పనికిరాదు. అక్కడ మట్టిని అడుగు ఎత్తు గట్టుగా పోసి దాని మీద గింజ వేయాలి.

నీళ్ల విషయంలో చాలామంది చేసే పని రోజూ చెంబెడు నీళ్లు చల్లడం. దానివల్ల పైన రెండంగుళాల మట్టి మాత్రమే తడుస్తుంది, వేరు కూడా అక్కడే ఆగిపోతుంది. తడి ఎక్కడ ఉంటే వేరు అక్కడే పెరుగుతుంది కాబట్టి, తడిని లోతుకు పంపాలి. వానలు ఆగాక మొదటి చలికాలంలో పది రోజులకొకసారి, ఒక్కో మొక్కకు బకెట్ నీళ్లు నెమ్మదిగా ఇంకేలా పోయాలి. మొదటి వేసవిలో వారానికొకసారి, అదీ సాయంత్రం పూట. మధ్యాహ్నం ఆకులు కాస్త వాడినట్టు కనిపించి, తెల్లవారేసరికి మళ్లీ నిక్కితే మొక్క బాగానే ఉన్నట్టు. పొద్దున్నే కూడా వాడి ఉంటేనే నీళ్లు అవసరం. రాత్రి ఆకులు జతలుగా ముడుచుకుని వేలాడటం మాత్రం వాడిపోవడం కాదు. చింత, తగిరిస, తంగేడు ఇవన్నీ రాత్రి ఆకులు ముడుస్తాయి. ఆ ముడుపును చూసి చీకట్లో గొట్టం పట్టుకుని పరుగెత్తే వాళ్లూ ఉన్నారు.

రెండో వానాకాలం దాటిన మొక్కకు ఇక క్రమం తప్పని నీళ్లు అక్కర్లేదు. మరీ గడ్డు వేసవిలో అది కొన్ని ఆకులు రాల్చుకోవచ్చు. నీరు ఆవిరైపోకుండా అది చేసుకునే పొదుపు అది. తొలి వానకు మళ్లీ చిగురిస్తుంది.

ఎరువుల గురించి ఒక అపోహ ఉంది. తంగేడు చిక్కుడు కుటుంబపు మొక్క. ఆ కుటుంబంలో జనుము, జీలుగ, పిల్లిపెసర వంటివి వేరు బుడిపెల్లోని బాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. కాబట్టి తంగేడు కూడా అదే చేస్తుందని, పక్కన కూరగాయలు వేస్తే వాటికి ఎరువు అవుతుందని చెప్పేవాళ్లున్నారు. సెన్నా జాతి మొక్కల వేళ్లకు ఆ బుడిపెలు రావు. తంగేడు గాలి నుంచి నత్రజనిని తీసుకోదు. అది చేసే మేలు వేరే రకం: లోతు పొరల నుంచి పోషకాలను తీసుకుని ఆకుల్లోకి చేరుస్తుంది. అందుకే రైతులు తంగేడు కొమ్మలు నరికి తెచ్చి, గానుగ, జిల్లేడు ఆకులతో పాటు వరి మడిలో తొక్కేవారు. చౌడు నేలల్లో ఈ పచ్చి ఆకు ఎరువును ప్రత్యేకంగా వాడేవారు. పెరట్లో కూడా కత్తిరించిన కొమ్మలను పారేయకుండా ముక్కలు చేసి ఇతర మొక్కల పాదుల్లో కప్పితే ప్రయోజనం ఉంటుంది. తంగేడుకు మాత్రం పేడ ఎరువు కూడా పెద్దగా వద్దు. యూరియా వేస్తే ఆకు దట్టమై పూలు తగ్గుతాయి.

తుమ్మెద లేకపోతే కాయ లేదు

తంగేడు పూవును దగ్గరగా చూస్తే అది ఎంత విచిత్రమైన నిర్మాణమో తెలుస్తుంది. ఐదు రేకులు, అంచులు ముడతలు, పసుపు మీద నారింజ రంగు ఈనెలు. మధ్యలో పది కేసరాలు ఉంటాయి కానీ అవన్నీ ఒకలాంటివి కావు. పైన ఉన్న మూడు చిన్నవి, వట్టివి. మధ్యలో ఉన్నవి పొట్టిగా, లావుగా ఉంటాయి. కింద ఉన్నవి పొడవుగా కొడవలిలా వంగి ఉంటాయి. చాలా పూలలో పుప్పొడి సంచి పగిలి పొడి బయటికి రాలుతుంది. తంగేడు పుప్పొడి సంచి అలా పగలదు, దాని కొసన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. వేలితో ముట్టుకుంటే దాదాపు ఏమీ అంటదు. పూవులో తేనె కూడా లేదు.

ఆ పొడిని బయటికి తీయగలిగింది నల్లటి తుమ్మెద. కీటక శాస్త్రంలో దాన్ని వడ్రంగి తేనెటీగ అంటారు, ఎండు కర్రను తొలిచి గూడు కట్టుకుంటుంది కాబట్టి. తుమ్మెద పూవు మీద వాలి, కేసరాలను కాళ్లతో పట్టుకుని, రెక్కలు కదపకుండానే రొమ్ము కండరాలను వేగంగా అదిలిస్తుంది. ఎగిరేటప్పటి ఝుంకారం కన్నా సన్నగా, పదునుగా ఒక శబ్దం వస్తుంది. ఆ అదురుకు రంధ్రాల నుంచి పుప్పొడి చిమ్ముతుంది, ఉప్పు డబ్బాను విదిలించినట్టు. మధ్యలోని పొట్టి కేసరాల పొడిని తుమ్మెద తన పిల్లల కోసం మూటగట్టుకుంటుంది. అదే సమయంలో కింది పొడవు కేసరాల నుంచి చిమ్మిన పొడి దాని ఒంటి మీద, అది తుడుచుకోలేని చోట పడి తర్వాతి పూవుకు చేరుతుంది. మేతకు కొన్ని కేసరాలు, మోతకు కొన్ని. మనం పెట్టెల్లో పెంచే తేనెటీగలకు ఈ అదిలించే విద్య రాదు. అవి వచ్చినా రేకుల మీద రాలిన పొడిని ఏరుకుని పోతాయి.

పెంచేవారికి దీనివల్ల తెలియాల్సింది ఒకటుంది. పదో అంతస్తు బాల్కనీలో తంగేడు బాగా పూసి ఒక్క కాయ కూడా వేయకపోవచ్చు. మొక్కలో లోపమేమీ లేదు, తుమ్మెద అంత పైకి రాలేదంతే. నేల మీద పెరటి విషయంలో తుమ్మెదను పిలవడం తేలిక. ఎండిన మునగ కొమ్మో, రెండు మూడు వెదురు గెడలో గోడవారగా వానకు తడవని చోట వదిలేస్తే చాలు. శుభ్రత పేరుతో ప్రతి ఎండు పుల్లనూ ఏరి తగలబెట్టే పెరట్లో పూలుంటాయి, తుమ్మెదలుండవు.

తంగేడుకు వచ్చే మరో అతిథి గొంగళి పురుగు. లేత పసుపు, పాలిపోయిన తెలుపు రెక్కలతో వానాకాలంలో గుంపులుగా ఎగిరే సీతాకోకచిలుకలు కాటోప్సిలియా జాతివి. అవి సెన్నా మొక్కల లేత ఆకుల మీద గుడ్లు పెడతాయి. పురుగు ఆకు రంగులోనే ఉంటుంది, పక్కన సన్నని గీత, చిన్న నల్లచుక్కలు. ఒకే వారంలో కొమ్మ కొసలను బోడి చేసేయగలదు. మందు కొట్టాల్సిన పని లేదు. వేరు దిగిన తంగేడు పక్షం రోజుల్లో మళ్లీ ఆకు తొడుగుతుంది. మొదటి ఏడాది లేత మొక్క అయితే మాత్రం పురుగులను చేత్తో ఏరి వేరే పెద్ద మొక్క మీదికి మార్చడం మంచిది. పశువుల బెడద తక్కువే. తంగేడు ఆకును అవి సాధారణంగా ముట్టవు. గడ్డి పూర్తిగా మేసేసిన బీళ్లలో తంగేడు ఒక్కటే పచ్చగా మిగలడానికి కారణం అదే. వీధి ఆవులు తిరిగే కాలనీలో ప్రహరీ బయట నాటడానికి ఇంతకన్నా నమ్మకమైన పూల మొక్క దొరకడం కష్టం.

కత్తెర ఎప్పుడు వేయాలి

కత్తిరింపు లేకపోతే తంగేడు నాలుగైదేళ్లలో ఆరేడు అడుగులు పెరిగి, అడుగున బోడిగా, పైన గుబురుగా తయారవుతుంది. కత్తిరింపును అది తేలిగ్గా తట్టుకుంటుందనడానికి పాత కాలపు సాక్ష్యం ఉంది. దీని బెరడులో తోళ్లను పదును చేసే టానిన్లు దండిగా ఉంటాయి. మద్రాసు రాష్ట్రపు తోళ్ల పరిశ్రమ చాలా కాలం ఈ బెరడు మీదే ఆధారపడింది. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ తుమ్మ బెరడు దిగుమతి అయ్యాక ఆ గిరాకీ తగ్గింది. బెరడు కోసం కొమ్మలను నరికినా మొదలు నుంచి మళ్లీ చిగుళ్లు వచ్చేవి కాబట్టే ఆ వ్యాపారం అంతకాలం సాగింది. పళ్లు తోముకోవడానికి తంగేడు పుల్ల విరవడం పల్లెల్లో నిన్నమొన్నటి వరకు మామూలు పనే.

పూలు కొత్త కొమ్మల కొసల్లో గుత్తులుగా వస్తాయి. కాబట్టి కత్తిరించే వేళను బట్టి పూసే వేళ మారుతుంది. మే చివర లేదా జూన్ మొదట్లో, తొలకరికి ముందు, కొమ్మలను మూడో వంతు నుంచి సగం వరకు తగ్గించాలి. వానలకు వచ్చిన చిగుళ్లు సెప్టెంబరు నాటికి ముదిరి పూతకు వస్తాయి. బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు మొదలై దుర్గాష్టమి వరకు సాగుతుంది కాబట్టి, పండుగకు పూలు కావాలనుకునేవారు ఆగస్టు నుంచి కత్తెర ముట్టుకోకూడదు. ఆకారం బాగాలేదని వినాయక చవితికి ముందు కత్తిరిస్తే ఆ ఏడాది పూత పోయినట్టే.

పండుగ మాట వచ్చింది కాబట్టి పూల సరఫరా గురించి కొంచెం చెప్పాలి. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, గునుగు, తంగేడు పూలను వలయాలుగా పేర్చడం బతుకమ్మకు పునాది. పల్లెలో ఈ పూలు ఊరి చివరి బీళ్ల నుంచి వచ్చేవి, ఎవరికీ డబ్బు ఇచ్చే పని లేదు. ఇప్పుడు నగరాల చుట్టూ ఉన్న ఆ బీళ్లు ప్లాట్లయ్యాయి. జేసీబీ ఒక పూటలో చదును చేసిన నేలలో తంగేడు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. పండుగ రోజుల్లో మార్కెట్లో కట్టలుగా అమ్మే తంగేడు ఇంకా దూరం నుంచి, ఇంకా తక్కువ మొక్కల నుంచి వస్తోంది. వేళ్లతో సహా పీకిన మొక్కలు, పూలతో పాటు మొగ్గలున్న కొమ్మలన్నీ విరిచేసిన మొక్కలు ఆ కట్టల్లో కనిపిస్తాయి. మొగ్గ కూడా పోయాక కాయ ఉండదు, కాయ లేకపోతే కొత్త మొక్క లేదు. రాష్ట్ర పుష్పమన్న హోదా దీన్ని ఆపలేదు. ప్రతి పార్కులో దిగుమతి గడ్డికీ, విదేశీ పామ్ చెట్లకూ నీళ్లు పోస్తూ, నీళ్లే అడగని సొంత పూవుకు ఒక మడి కేటాయించలేకపోవడం వింతగానే ఉంది.

ఇంటి పెరట్లో మూడు మొక్కలుంటే ఒక కుటుంబపు బతుకమ్మకు సరిపడా పూలు వస్తాయి. కోసేటప్పుడు గుత్తిలో విచ్చిన పూలను మాత్రమే తుంచి, మొగ్గలను వదిలితే అదే గుత్తి తర్వాతి రోజుల్లో మళ్లీ పూలిస్తుంది. తొమ్మిది రోజుల పండుగకు అది అక్కరకొచ్చే విషయం. కంచెగా పెంచాలంటే రెండడుగుల ఎడం, విడి పొదలుగా కావాలంటే నాలుగైదు అడుగుల ఎడం ఉంచాలి.

పెరడు లేనివాళ్ల సంగతి వేరు. కుండీలో తంగేడు పెరుగుతుంది, పూస్తుంది కూడా. కానీ కుండీలో దాన్ని కరువును తట్టుకునే మొక్క అనడం సరికాదు. వేరు దిగడానికి లోతు లేనప్పుడు ఆ గుణం ఉండదు. మిద్దె మీద ఏప్రిల్ ఎండలో కుండీ మట్టి ఒక్క రోజులో ఎండిపోతుంది, తంగేడైనా తాళలేదు. కనీసం ఒకటిన్నర అడుగుల లోతున్న తొట్టి, అడుగున పెద్ద రంధ్రాలు, ఎర్రమట్టిలో మూడో వంతు ముతక ఇసుక ఉండాలి. మార్కెట్లో దొరికే కొబ్బరిపొట్టు మిశ్రమాలు నీటిని పట్టి ఉంచడానికి చేసినవి, అవి ఈ మొక్కకు సరిపడవు. పైన రెండంగుళాల మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు పోయాలి. ఏడాదికోసారి గట్టిగా కత్తిరిస్తే మొక్క మూడడుగుల లోపు ఉంటుంది.

తంగేడు పూల పొడితో టీ కాచుకోవడం ఈమధ్య వాడుకగా మారింది. శ్రీలంకలో రణవర పేరుతో ఈ పానీయం ఎప్పటి నుంచో ఉంది. మధుమేహం తగ్గుతుందన్న ప్రచారం మాత్రం ప్రయోగశాలలో జంతువుల మీద జరిగిన పరిశీలనల నుంచి చాలా దూరం పరుగెత్తింది. మధుమేహానికి మాత్రలు వేసుకునేవారు వైద్యుణ్ణి అడగకుండా దీన్ని రోజూ తాగడం మంచిది కాదు. గింజల విషయంలో పిల్లలను కనిపెట్టి ఉండాలి. తంగేడుకు చుట్టమైన కసివింద గింజలు తిని పిల్లలు కాలేయం, మెదడు దెబ్బతిని చనిపోయిన ఘటనలు పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో నమోదయ్యాయి. రెండింటినీ కలగాపులగం చేసుకునే పరిస్థితి ఉన్నచోట జాగ్రత్త తప్పదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు బతుకమ్మ కోసం తంగేడు గింజలు తెప్పించుకోవాలని చూడటం వింత కాదు. కానీ ధ్రువీకరణ పత్రమో అనుమతో లేకుండా విత్తనాలు తీసుకెళ్లడం అక్కడి నిబంధనలకు విరుద్ధం. పైగా గట్టిగా మంచు కురిసే చోట తంగేడు నిలవదు. వాళ్ల ఊళ్లలోనే దానికి తోబుట్టువులున్నాయి. టెక్సాస్ సున్నపురాతి నేలల్లో లిండ్‌హైమర్ సెన్నా అనే బహువార్షిక మొక్క ఆగస్టు నుంచి అక్టోబరు వరకు పసుపు పూలు పూస్తుంది. డాలస్, ఆస్టిన్‌లలో ఉన్నవారికి అది సరిగ్గా పండుగ వేళకు అందుతుంది. అరిజోనాలో ఎడారి సెన్నా ఉంది, మోకాలెత్తు పొద, వేసవంతా పూస్తూ అక్టోబరు దాకా సాగుతుంది. న్యూజెర్సీ, మేరీలాండ్ వైపు దొరికే అడవి సెన్నా చలికి పైభాగం చచ్చినా వేసవికి వేరు నుంచి మళ్లీ లేస్తుంది, ఆరడుగుల దాకా పెరుగుతుంది. అది జూలై, ఆగస్టులలోనే పూసి ముగిస్తుంది కాబట్టి బతుకమ్మకు అందదు. వీటి పూలలోనూ తేనె ఉండదు, పుప్పొడి సంచి కొసనే రంధ్రం ఉంటుంది, అదిలించి పొడి తీసే తుమ్మెదలాంటివే కావాలి. గింజ పెంకూ అంతే గట్టిది, కాబట్టి వేడినీళ్ల ఉపాయం అక్కడా పనిచేస్తుంది. స్థానిక మొక్కల నర్సరీలు వీటిని అమ్ముతాయి, అయితే అక్కడ కూడా కుండీలో పెరిగిన పెద్ద మొక్క కన్నా గింజో, లేత మొక్కో కొనడమే మేలు.